కుళాయి నీళ్ళు, మేక గుండె

మా ఇల్లు ఒడిశా బరంపురంలో పాత వీధిలో ఉంది. రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. వీధి గుమ్మంలో నిలబడితే వసారా, హాలు, పడకగది, వంటిల్లు, పెరడు అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. పెరట్లో కుళాయి, పక్కనే స్నానాల గది. పెరటి తలుపు తీస్తే వెనక సందు.

నా కూతురి కూతురికి ఎమ్మెస్సీ అయ్యాక ఇక్కడి ల్యాబులో పరిశోధనకి సీటు వచ్చింది. దాని తల్లీ తండ్రీ ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్సులో ఉంటారు. హాస్టలు దండగ, నా దగ్గరే ఉండు అని నేనే పిలిచాను. నేను తెలుగు బడిలో ఐదో తరగతి దాకా చదివినదాన్ని. అది చేసే పనేమిటో అర్థం కావడానికి నాకు ఆరు నెలలు పట్టింది. అర్థమైన మట్టుకు చెబుతాను.

మన ఒంట్లో ప్రతి కండా కణాలతో కట్టినదట. పరిగెత్తమనో, ఆగమనో కణానికి బయటినుంచి కబురు వస్తుంది. దాన్ని లోపలికి మోసుకెళ్ళే ఎంజైములు కొన్ని ఉంటాయి. మనుషుల్లోనూ మేకల్లోనూ, పాలిచ్చి పిల్లల్ని పెంచే జంతువులన్నిట్లోనూ ఇవి దాదాపు ఒకేలా ఉంటాయట. అందుకని మనవరాలు మేక గుండెలో ఒకే ఒక్క ఎంజైమును పట్టుకుని కూర్చుంది. ఆ ఎంజైము మీద ఫాస్ఫేటు అనే చిన్న ముక్క అతుక్కుని ఉంటే మేలుకుని ఉన్నట్టు. ఆ ముక్క ఊడిపోతే పడుకున్నట్టు. మేలుకుని ఉంటే ల్యాబులో తీసే ఎక్స్‌రే లాంటి ఫిల్ము మీద నల్లటి గీత పడుతుంది, పడుకుంటే గీత వెలిసిపోతుంది.

"ఏటే, ఒక్క గీతకేనా ఇంత సదువు?" అన్నాను మొదట్లో.

"ఒక్క గీతే అమ్మమ్మా. ఆ గీత ఎప్పుడు నల్లగుంటాదో తెలిస్తే గుండె జబ్బోళ్ళకి మందు సెయ్యొచ్చు."

"మేకకి గుండె జబ్బేటి, దాని మొహం. కత్తే దాని జబ్బు."

అది నవ్వింది. అప్పట్లో బాగానే నవ్వేది.

చిక్కంతా ఆ గుండె తేవడం దగ్గర వచ్చింది. తెల్లారకుండా మటన్ కొట్టుకి వెళ్ళాలి. మేకని కొయ్యగానే గుండె అడిగి తీసుకుని, ఐసు నింపిన థర్మాకోల్ పెట్టెలో పెట్టి ల్యాబుకి పట్టుకెళ్ళాలి. అక్కడ ద్రవ నత్రజనిలో ముంచితే ఎంజైము ఉన్నది ఉన్నట్టు గడ్డకట్టుకుపోతుంది. ప్రాణం పోయాక ఆ ఫాస్ఫేటు ముక్క ఊరికే ఊడిపోతూ ఉంటుందట. ఐసు దాన్ని ఆలస్యం చేస్తుంది తప్ప ఆపలేదు. ఈ మాట నేను చాలా ఆలస్యంగా విన్నాను.

మాది మాంసం పేరెత్తని ఇల్లు. మా మామగారు పౌరోహిత్యం చేసినవారు, మా ఆయన తెలుగు బడిలో మేష్టారు. సంగతి చెప్పగానే నేను కేకలేశాను.

"కొట్లో ఆ నెత్తురంతా ముట్టుకుని, ఆ సేతుల్తో తిన్నగా పుస్తకాల కాడికి ఎల్తావా? సరస్వతిని ముడతావా?"

"గ్లవ్సు ఏసుకుంటానమ్మమ్మా."

"గ్లవ్సుకి మడేటి? నా ఇంట్లో ఉన్నన్నాళ్ళు అలాగ కుదరదు. లేచినదానివి లేచినట్టే ఎల్లు, రా, తల మీంచి పోసుకో, అప్పుడు నీ ల్యాబుకి ఎల్లు."

"మధ్యాన్నం వచ్చి పోసుకుంటాను. పొద్దున్న ఒకసారి ఎలాగూ..."

"రెండు స్నానాలకి నీళ్ళెక్కడివి? ఇది కుళాయి నీళ్ళ కొంప, గోదారి కాదు."

మా వీధిలో కుళాయి రోజుకి ఒక గంట వస్తుంది. ఆ గంటలో డ్రమ్ము నింపుకోవాలి. డ్రమ్ములో నీళ్ళు వంటకీ పూజకీ. మాంసం ముట్టుకున్న చేత్తో అందులో చెంబు ముంచడానికి వీల్లేదు. నేనే దానికి నీళ్ళు పోద్దామన్నా చిందులు నా మీద పడతాయి, నా మడి పోతుంది. అందుకని ఒక పద్ధతి పెట్టాను. మనవరాలు పెరటి సందులోంచి రావాలి. పెట్టె స్కూటరు మీదే ఉండాలి, గుమ్మం దాటకూడదు. కుళాయి వచ్చాక పారే నీళ్ళ కింద స్నానం చేసి, బట్టలు మార్చుకుని వెళ్ళాలి. మనవరాలు కొన్నాళ్ళు సణిగింది. తర్వాత అలవాటు పడిపోయింది.

అది మొదలుపెట్టింది కార్తీకంలో. గుండెలు వస్తూ ఉన్నాయి, గీతలు పడుతూ ఉన్నాయి. తర్వాత ఎండలు వచ్చాయి. వైశాఖంలో ఒకనాడు మధ్యాహ్నం పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మమ్మా! ఎండాకాలం గుండెల్లో ఎంజైము పడుకుంటంది. శీతాకాలం గుండెల్లో మేలుకుని ఉంది. మా మేడమ్ కుర్చీలోంచి లేచి నన్ను వాటేసుకుంది!"

"ఎండకి మనమే తూగుతన్నాం, మేక గుండె తూగదేటి?" అన్నాను. ఆ మాట దానికి ఎంత నచ్చిందో, ల్యాబులో అందరికీ చెప్పుకుంది. మరుసటి శీతాకాలం చూశారు, గీత నల్లగా ఉంది. మళ్ళీ ఎండలు ముదిరాక గీత వెలిసింది. మేడమ్ అంటే దాని పరిశోధనకి పెద్ద, ఒడియా ఆవిడ. ఇద్దరూ కలిసి వ్యాసం రాసి పత్రికకి పంపారు. అది అచ్చయితే మనవరాలికి డాక్టరేటు వచ్చినట్టే. ప్రభుత్వం ఇచ్చే ఫెలోషిప్పు వచ్చే మార్చితో ఆగిపోతుంది. ఈలోపల అయిపోవాలి.

ఆ రెండో వేసవిలో ఛత్రపూర్‌లో ఉన్న మా చెల్లెలికి కంటి ఆపరేషను అయితే నేను వెళ్ళి పదిహేను రోజులు ఉన్నాను. తిరిగి వచ్చేసరికి మనవరాలి ముఖం మారిపోయింది. కంచం ముందు కూర్చుంటుంది, ముద్ద ఎత్తదు. పిలిస్తే పలకదు. వారం చూశాను, రెండు వారాలు చూశాను. పొద్దున్న ఎప్పటిలాగే కొట్టుకి వెళ్ళడం, సందులోంచి రావడం, స్నానం, వెళ్ళిపోవడం. ఒక ఆదివారం వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ అడిగేశాను.

"ఎవడే వాడు?"

"ఎవడు?"

"నేను ఊర్లో లేనప్పుడు ఎవడో తగిలుంటాడు. తిండి మానేసావు. ముఖం పీక్కుపోనాది. ఏ కులపోడు? ఒడియా పిల్లాడేనా? సెప్పీ, ఏటనుకోను."

అది నా వంక చూసి ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది.

"వాడు కాదమ్మమ్మా, మేక."

కళ్ళు తుడుచుకుని చెప్పింది. నేను లేని పదిహేను రోజుల్లో ఇంటికి రాకుండా కొట్టునుంచి తిన్నగా ల్యాబుకి వెళ్ళిందట. ఆ రోజుల్లో తెచ్చిన మూడు గుండెల్లోనూ గీత నల్లగా పడింది. మండుటెండలు, అయినా మేలుకునే ఉంది ఎంజైము. ఎక్కడో తప్పు చేశాననుకుంది. నేను వచ్చాక మళ్ళీ తెచ్చి చూస్తే గీత వెలిసిపోయింది.

"అంటే నువ్వున్నప్పుడు పడుకుంటంది, నువ్వు లేనప్పుడు మేలుకుంటంది," అంది. "మధ్యలో ఉన్నది స్నానమే. నీ స్నానం."

"మరైతే శీతాకాలం కూడా పోసుకున్నావు కదే. అప్పుడు మేలుకునే ఉందన్నావు?"

"అదే నాకూ తెల్డం లేదు. అందుకే ఎవరికీ సెప్పలేదు."

నాకు వెంటనే తట్టింది. ఇది చదువు మీద తట్టేది కాదు, ముప్పై ఏళ్ళుగా ఆ కుళాయి కింద బిందె పెట్టిన మనిషికి తట్టేది. అనేశాను.

"శీతాకాలం కుళాయి ఆరుకల్లా వస్తాది. నువ్వు రావడం, పోసుకోవడం, ఎల్లిపోవడం. ఎండలు ముదిరితే ఏడున్నరకి గానీ రాదు. గంటన్నర సందులో కూకుంటావు, ఫోను సూసుకుంటా. నీ పెట్టె స్కూటరు మీదే కదా."

మనవరాలు వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది.

"అయితే వేసవి కాదా?" అంది. "మున్సిపాలిటీ నీళ్ళా?"

అప్పటిదాకా దానికి ఒక తప్పు దొరికింది, దాన్ని ఎలాగో సర్దుకుందామని ఆశ ఉంది. నా మాటతో వ్యాసమంతా కూలిపోయింది. చెప్పకుండా ఉండాల్సింది అని ఆ క్షణాన అనిపించింది. నిజం తెలిసి కూడా అలా అనిపించింది.

"ఎన్ని నిమిషాల్లో ల్యాబుకి తెచ్చావో రాసుకోవా?"

"రాసాను. మొదటి నెల పుస్తకం మొదటి పేజీలో. పది నిమిషాల్లోపు అని."

"పదేటి! మార్చలేదా?"

"మొదటిరోజు నువ్వింకా స్నానం మాట ఎత్తలేదు, తిన్నగా ఎల్లాను. నిజంగా పదే. తర్వాత మార్చడానికి ఏటని రాయమంటావు? మా అమ్మమ్మ స్నానం సెయ్యనిదే రానివ్వదని రాయనా? అక్కడందరూ నవ్వరా? ఐసులోనే ఉంది కదా, ఏటవుద్దిలే అనుకున్నాను."

ఇది చిన్నప్పుడు సెలవులకి వచ్చి గాజు గ్లాసు పగలగొట్టి పిల్లి అని అబద్ధం చెబితే, నిజం చెప్పేదాకా అన్నం పెట్టలేదు నేను. అటువంటిదాన్ని ఆ ఆదివారం నాడు ఏమన్నానో రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. "సరే, రాసేసావు. ఇప్పుడెవరడుగుతారు? మేకలొచ్చి సెప్తాయేటి? డాక్టరేటు పుచ్చుకో. తర్వాత సంగతి తర్వాత," అన్నాను.

"నువ్వేనా అమ్మమ్మా?" అంది. అంతే. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

నాకు దాని రెండేళ్ళే కనిపించాయి. వస్తువు పారెయ్యడం నాకు చేతకాదు. చిరిగిన చీర మసిగుడ్డ అవుతుంది, మసిగుడ్డ ఒత్తి అవుతుంది. పిల్ల రెండేళ్ళ కష్టం ఒత్తికి కూడా పనికిరాదంటే ఒప్పుకోలేకపోయాను. పైగా ఆ తప్పులో సగం నాది. అది బయటపెడితే నేనూ బయటపడతాను. ఆ ముక్క అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మనవరాలు నా మాట విన్నది. ఎదురు చెప్పి ఉంటే బాగుండేది.

పత్రికవాళ్ళు వ్యాసం బాగుంది, ఇంకో రెండు గుండెలు చూసి పంపండి అన్నారట. అప్పటికి ఆషాఢం వచ్చినా వానలు సరిగా లేవు, ఉక్క తగ్గలేదు, వేసవి కిందే లెక్క. మొదటి గుండె తెచ్చిన రోజు ఎప్పటిలాగే సందులోంచి వచ్చింది, కుళాయి వచ్చేదాకా కూర్చుంది, స్నానం చేసింది, వెళ్ళింది. నేను వంటింట్లో ఉన్నాను. ఆ నీళ్ళ చప్పుడు వింటుంటే నా ఒంటి మీద వేన్నీళ్ళు పోస్తున్నట్టు ఉంది. రెండేళ్ళు నేను బలవంతాన చేయించిన స్నానం. ఇప్పుడు మానెయ్ అందామంటే మానకూడదు. మానితే గీత నల్లగా పడుతుంది, రాసినదానికి కుదరదు. నేను వేసిన గడియ నేనే తియ్యలేని స్థితికి వచ్చాను.

రెండో గుండె రోజున పైన ఎక్కడో వాన పడిందో ఏమో, కుళాయి ఆరుకే వచ్చేసింది. డ్రమ్ము నింపి, సందు తలుపు తీసి పిలిచాను.

"నీళ్ళొచ్చాయే. రా."

అది మెట్టు మీద కూర్చుని ఉంది. పెట్టె స్కూటరు మీద ఉంది. లేవలేదు.

"ఇంకా టైమవలేదమ్మమ్మా."

"నీళ్ళు వచ్చేసాయంటే టైమేటే?"

"ఏడున్నర అవాలి. ఇప్పుడు ఎల్తే గీత నల్లగొస్తాది. ముందు వాటితో కలవదు."

ఫోను చేతిలో పట్టుకుని టైము చూస్తూ కూర్చుంది. మామూలు మాట చెప్పినట్టే చెప్పింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, సందు మెట్టు మీద, పెట్టెలో ఎంజైము పడుకునేదాకా కాపలా కాస్తోంది. నేను తలుపు పట్టుకుని నిలబడిపోయాను. లోపల కుళాయి కారిపోతోంది. కట్టెయ్యాలని కూడా తోచలేదు. నా జన్మలో కుళాయి అలా వదిలేసింది అదొక్కరోజే.

"లే," అన్నాను.

"అమ్మమ్మా, ఇంకా..."

"లెమ్మంటన్నాను కదా! స్కూటరు తియ్యి. నేనూ వస్తాను. మీ మేడమ్‌కి నేను సెప్తాను."

"వద్దు. నువ్వే కదా వద్దన్నావు?"

"నేను తప్పు సెప్పాను. తియ్యి."

స్కూటరు మీద మేమిద్దరం, పెట్టె కూడా పట్టాలంటే పెట్టె ఎవరో ఒకరు ఒళ్ళో పెట్టుకోవాలి. అప్పటికి నాకు స్నానం అయింది, మడిబట్ట కట్టుకుని ఉన్నాను. పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. లోపల ఐసు కదులుతున్న చప్పుడు మోకాళ్ళకి తగులుతూ ఉంది. అది ఏడుస్తోందో లేదో వెనక కూర్చున్న నాకు తెలియదు.

మేడమ్‌ది నా కూతురి వయసు ఉంటుంది. నన్ను మావుసీ, అంటే పిన్నీ అని పిలిచి కుర్చీ చూపించింది. మా మాటలు ఒడియాలోనే జరిగాయి. నేను కూర్చోలేదు. స్నానం సంగతి చెప్పాను. ఆవిడ నవ్వింది. తను ల్యాబునుంచి రాగానే తన అత్తగారు కూడా వీధిలోనే కాళ్ళు కడిగిస్తుందని చెప్పింది. అప్పుడు కుళాయి సంగతి చెప్పాను. శీతాకాలం ఆరు, వేసవి ఏడున్నర. అది తెలిశాక కూడా నా మాట విని ఇంకో గుండె ఇలాగే తెచ్చిందనీ చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

కంప్యూటరులో ఏదో తెరిచి చూసింది. వరసగా గీతలు, కొన్ని నల్లవి, కొన్ని వెలిసినవి. ఒక్కో గీత కింద తేదీ చూసింది. తర్వాత మనవరాలి వైపు తిరిగి, పది నిమిషాలని రాసింది నువ్వేనా అని అడిగింది. అవునంది అది. తలెత్తే ఉంది.

"స్నానం చేసినందుకు నేనేమీ అనేదాన్ని కాదు," అంది మేడమ్. "నీళ్ళ కోసం ఆగాను అని ఒక్క ముక్క రాసి ఉంటే మొదటి వేసవిలోనే పట్టుకునేవాళ్ళం. ఈ మధ్య తెలిసి కూడా ఇంకో గుండె తెచ్చావు. అది నేను మర్చిపోవడానికి టైము పడుతుంది."

"తప్పు నాదని రాయండమ్మా. నా పేరు వెయ్యండి," అన్నాను.

"వ్యాసంలో అమ్మమ్మలకి చోటుండదు మావుసీ."

మేము అక్కడ ఉండగానే పత్రికవాళ్ళకి ఉత్తరం రాసేసింది, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని. నాకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. రెండేళ్ళ గుండెలు దేనికీ పనికిరావా, ఎంతసేపట్లో పడుకుంటుందో చెప్పడానికైనా పనికిరావా అని అడిగాను. ఏ రోజు ఎన్ని నిమిషాలో రాసి ఉంటే పనికొచ్చేవి అంది. రాయలేదు కాబట్టి లేవు. ఆ రోజు తెచ్చిన గుండెను మాత్రం పారెయ్యనివ్వలేదు. గడియారం చూసి నిమిషాలు రాసుకుని ద్రవ నత్రజనిలో ముంచమంది. తెల్లటి పొగ వచ్చింది. మనవరాలు ఒక్క చుక్క చిందనివ్వలేదు. అంత బాగా చేసే పిల్ల అని నాకు అంతవరకూ తెలియదు.

ఇప్పుడు పొద్దున్నే కొట్టునుంచి తిన్నగా ల్యాబుకి వెళుతోంది. మధ్యాహ్నం వచ్చి డ్రమ్ములో నీళ్ళు నేను పోస్తే స్నానం చేస్తోంది. నా మీద చిందులు పడుతున్నాయి. ఆ చేతులతో పొద్దంతా పుస్తకాలు తిరగేసిందనుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, లేదని అబద్ధం చెప్పను. అది నాతో మునుపటిలా మాట్లాడదు. అడిగినదానికి జవాబు చెబుతుంది.

మళ్ళీ శీతాకాలం నుంచే మొదలుపెట్టమంది మేడమ్. కార్తీకంలో ఆ కొత్త లెక్కలో మొదటి గుండె గీత పడిన రోజున నేనే అడిగాను.

"ఏటయిందే?"

"నల్లగానే పడింది."

"అయితే మంచిదే కదా?"

"మంచిదే. కానీ ఒక్కటే అది. ఇప్పుడు ఒక్కో గుండెనీ ఎన్నోసార్లు తిరిగి సూడమంది మేడమ్, ఒక్కోదానికి నెల పడతంది. మార్చికి ఇంకో నాలుగు అవుతాయి, పన్నెండు కావాలి. అందులో ఎండాకాలం గుండెలూ ఉండాలి, ఎండలు మార్చి తర్వాతే కదా."

"మరి ఆ తర్వాత?"

"తర్వాత ఫెలోషిప్పు ఉండదు. మేడమ్ ఏటీ సెప్పలేదు."

"మరేటి సేస్తావు?"

చెయ్యి చాపి నా కొంగు అందుకుని మొహం తుడుచుకుంది.

"ఏటి సేస్తాను, రేపు అయిదుకి కొట్టుకి ఎల్తాను," అంది.